షార్జా దాకా

నగేష్ మొదటిసారి వేదిక ఎక్కినప్పుడు అతని చేతిలో శాలువా ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. భూపాలపల్లిలో బొగ్గు బావులు మూతపడ్డాయి. కార్మికులు పెళ్లాం పిల్లలతో సహా రోడ్ల మీదే వంటలు చేసుకుంటున్నారు. ధూంధాం ఆటపాటల సభలో సమ్రీన్ పాట ముగియగానే, బొగ్గు లారీల కాంట్రాక్టరు కొడుకని చెప్పి మైకులో నగేష్ పేరు పిలిచారు. అతను శాలువా కప్పాడు, ఫోటో దిగాడు. భుజం మీద వేసిన చెయ్యి మాత్రం తీయలేదు. సమ్రీనే పక్కకు జరగాల్సి వచ్చింది.

సమ్రీన్‌ది స్టేషన్ ఘన్‌పూర్. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి జోహరాబీ పరుపులు, దిండ్లు కుట్టి పెంచింది. డిగ్రీ చదువుతుండగా కాలేజీ ముందు ధర్నాలో ఎవరో పాడమంటే పాడింది. అంతే, ఆ తర్వాత ఆగలేదు. జనగామ నుంచి మహబూబాబాద్ దాకా ఆమె గొంతు గుర్తుపట్టని ఆటోడ్రైవరు లేడు. నీళ్లు రాని కాలువ మీద ఆమె కట్టిన పాట ఊరూరా సెల్‌ఫోన్లలో మోగేది.

శాలువా కప్పిన రోజు నుంచి ఏ సభ చూసినా నగేష్ ముందు వరుసలో ఉండేవాడు. మిగతావాళ్లు పాడుతుంటే ఫోను జేబులో పెట్టేసేవాడు. సమ్రీన్ లేచిందంటే ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీసేవాడు. కొన్నాళ్లకు ఆమె ఫోటో పక్కన తన ఫోటో పెట్టి ఫ్లెక్సీలు కట్టించాడు. ఒకరోజు చీర, పండ్లు పట్టుకుని ఏకంగా ఇంటికే వచ్చాడు.

"నీ బిడ్డ పాడేటప్పుడు నన్నే చూస్తది అత్తమ్మా" అన్నాడు జోహరాబీతో.

జోహరాబీ ఆ పండ్ల సంచిని వాకిలి బయట పెట్టింది. "నిన్ను గాదు బాబూ, ముందర కూసున్న జనాన్ని చూస్తది. మళ్లొకసారి ఈ గడప తొక్కకు" అంది.

సమ్రీన్ కట్టయ్యకు చెప్పింది. కళాబృందాన్ని నడిపేది అతనే. ఊళ్లలో పెద్దమనిషి, మంచి మాటకారి.

"అభిమానం బిడ్డా, ఏమనుకోకు" అన్నాడు కట్టయ్య. "వాళ్ల నాయిన మనకు బండ్లిస్తుండు, డీజిలు పోపిస్తుండు. ఉద్యమం నడిచేటప్పుడు గిసొంటియి పెద్దగ చెయ్యద్దు."

"బండ్లిస్తుండని నన్ను గూడ ఇస్తవా అన్నా?"

కట్టయ్య నవ్వి లేచిపోయాడు. ఆ నవ్వు సమ్రీన్‌కు నగేష్ చెయ్యి కన్నా ఎక్కువ మంట పుట్టించింది.

చలికాలంలో మహబూబాబాద్ అవతల ఒక ఊళ్లో సభ జరిగింది. పొద్దు గూకే వేళకు పాటలు అయిపోయి అందరూ వ్యాను దగ్గరికి నడుస్తున్నారు. దారి పక్కన కారు ఆపుకుని నిలబడ్డ నగేష్ సమ్రీన్ మణికట్టు పట్టుకుని లోపలికి గుంజాడు. బృందంలో ఆడే రుక్కి వెనకే వస్తోంది. దగ్గర్లోని తండా పిల్ల, సమ్రీన్‌కు ప్రాణ స్నేహితురాలు. పరిగెత్తి వచ్చి అతని చెయ్యి కొరికింది. సమ్రీన్ విడిపించుకుని కింద పడింది. జనం ఉరికి వస్తుంటే నగేష్ కారెక్కాడు. వాడు పారిపోకూడదని రుక్కి కిటికీలోంచి అతని కాలరు పట్టుకుంది. అతను అలాగే బండి పోనిచ్చాడు. కల్వర్టు దాకా రుక్కిని ఈడ్చుకుపోయాడు.

దవాఖానలో నడుము కింది ఎముక విరిగిందన్నారు. రుక్కి ఇక ఆడలేదన్నారు.

పోలీసులు దాన్ని యాక్సిడెంట్ అని రాసుకున్నారు. చీకట్లో రోడ్డు దాటుతుంటే బండి తగిలిందట.

"చీకటెక్కడిది సార్? ఊరంత చూసింది" అంది సమ్రీన్.

"ఉద్యమం కేసులతోనే మాకు ఊపిరి ఆడ్తలేదమ్మా. ఆడపిల్లవు, స్టేజీలెక్కి పాడ్తవు. రేపు కోర్టుల ఏమేమి అడుగుతరో తెలుసా?" అన్నాడు ఎస్సై.

ఆమె ఆ యాక్సిడెంట్ కాగితం మీద సంతకం పెట్టకుండా వచ్చేసింది. వారం తిరగకముందే నగేష్ దుబాయి విమానం ఎక్కాడు. అక్కడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రోజుకో కొత్త నంబరు. "ఈడ మన కోసం ఇల్లు తీసుకున్న. పాస్‌పోర్టు తయారు చేసుకో" అనేవాడు. రుక్కి గురించి ఒక్క మాట అడిగేవాడు కాదు. ఎత్తైన మేడల ముందు నల్లద్దాలు పెట్టుకుని ఫోటోలు దిగి, కింద సమ్రీన్ పేరు రాసి ఫేస్‌బుక్‌లో పెట్టేవాడు.

జనగామలో రాధ అనే లాయరమ్మ కేసు తీసుకుంది. సభకు వచ్చినవాళ్ల ఇళ్లకు సమ్రీన్‌తో కలిసి తిరిగింది. సాక్ష్యాలు కూడగట్టి కోర్టులో వేస్తే, అది యాక్సిడెంట్ కాదని, ఎత్తుకుపోబోయాడని, చంపబోయాడని సెక్షన్లు మార్చమని జడ్జి ఆదేశించాడు. వారెంటు కూడా వచ్చింది. కానీ మనిషి దేశంలో లేడు. కాగితాలు హైదరాబాద్ పోయాయి, ఢిల్లీ పోయాయి, ఏదో తక్కువైందని తిరిగొచ్చాయి.

"సముద్రం దాటినోన్ని మేమెక్కడ వట్టుకొస్తం?" అన్నాడు అదే ఎస్సై.

సమ్రీన్ పాడటం మానలేదు. వేదిక ఎక్కగానే ముందు నగేష్ పేరు చెప్పేది. అతని తండ్రి పేరు చెప్పేది, రుక్కికి జరిగింది చెప్పేది. ఆ తర్వాతే పాట. రెండు సభల్లో ఊరుకున్న కట్టయ్య మూడో సభలో మైకు ఆపించాడు. ఆమె మైకు పక్కన పెట్టి, వేదిక దిగి, జనం మధ్య నిలబడి గొంతెత్తింది. తర్వాత ఆమెను పిలవడం మానేశారు. అయినా ఊళ్లవాళ్లు సొంతంగా పిలిస్తే పోయేది.

అలా ఉండగా షార్జా నుంచి పోశాలు ఫోన్ చేశాడు. జనగామ దగ్గరి తరిగొప్పుల మనిషి, అక్కడ కరెంటు పని చేస్తాడు.

"అక్కా, వాడు ఈడనే ఉన్నడు. పాత కార్లమ్మే దుకాణంల. రోజూ కండ్లముందటనే తిరుగుతుండు. కొడదామంటె మమ్ములనే జైల్లేస్తరు."

"కొట్టద్దన్నా" అంది సమ్రీన్. "నన్ను పిలువుండ్రి. ఆడ పాటలు పెట్టుండ్రి. నేనొస్తున్ననంటె వాడే వస్తడు."

ఈ సంగతి తెలిసి జోహరాబీ కుడుతున్న దిండును పక్కకు నెట్టింది.

"పులి కోసం మేకను కట్టినట్టు నిన్ను నువ్వే కట్టుకుంటున్నవా బేటీ?"

"వాడు పులి గాదు అమ్మీ. నేను మేకను గాదు. రుక్కి మంచం మీద పండుకొని పైకప్పు చూస్తుంటె నాకు అన్నం పోతలేదు. భయం ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నదంత కోపమే."

ప్రయాణం రోజు జోహరాబీ రైల్వే స్టేషన్ దాకా వచ్చి కూతురి తల మీద చెయ్యి పెట్టి దువా చదివింది.

షార్జాలో పోశాలు, అతని దోస్తులు ఒక హాలు తీసుకుని, పర్మిషన్ తెచ్చి, ఆటపాటల సాయంత్రం అని చెప్పారు. రాధ వారెంటును అరబ్బీలో రాయించి ఇచ్చింది. సెక్యూరిటీ వాళ్లకు ముందే చూపించారు. లేబర్ క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చిన మనుషులతో హాలు నిండింది. సగం మందికి డ్యూటీ బట్టలు మార్చుకునే తీరిక కూడా దొరకలేదు. సమ్రీన్ కాలువ పాట పాడుతుంటే కొందరు ఏడ్చారు. ఆమె కళ్లు మాత్రం ముందు వరుసలోనే ఉన్నాయి. నగేష్ అక్కడే ఉన్నాడు. ఫోను ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు.

పాట అయ్యాక వేదిక వెనక నడవలోకి వచ్చాడు. చేతిలో అత్తరు సీసా ఉంది.

"నాకు తెలుసు. నా కోసమే వచ్చినవ్" అన్నాడు.

"అవును. నీకోసమే వచ్చిన."

అతని ముఖం వెలిగిపోయింది. చెయ్యి చాచి, అప్పుడు పట్టుకున్న మణికట్టునే మళ్లీ పట్టుకున్నాడు. సమ్రీన్ విదిలించింది. అతను వదలకుండా దగ్గరికి లాక్కున్నాడు. పైన కెమెరా ఉంది. నడవకు రెండు వైపులా మనుషులు వచ్చి నిలబడ్డారు. పోశాలు చెప్పినట్టే అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఒక్కరూ అతన్ని తాకలేదు. పళ్లు కొరుకుతూ దారి మూసి నిలబడ్డారు, అంతే.

"ఏంది గిది?" అన్నాడు నగేష్. "సమ్రీన్, చెప్పు వీళ్లకు. మన సంగతి చెప్పు."

"నీకు నాకు మధ్యల ఏ సంగతి లేదు. ఉన్నదంత రుక్కి సంగతే. ఆమె నడుము విరగ్గొట్టినవ్. ఒక్కసారన్న ఎట్లున్నదని అడిగినవా?"

"ఎవరు రుక్కి?" అన్నాడు అతను.

అబద్ధం ఆడటం లేదు. నిజంగానే గుర్తు లేదు. సమ్రీన్ చెయ్యి తనంతట తానే లేచింది. దాన్ని ఆపుకోవడానికి ఆమెకున్న బలమంతా కావాల్సి వచ్చింది. ఇక్కడ తాను కొడితే కేసు తన మీదికి తిరుగుతుందని రాధ వంద సార్లు చెప్పి పంపింది.

సెక్యూరిటీ వాళ్లు పిలిస్తే పోలీసులు వచ్చి నగేష్‌ను తీసుకుపోయారు. నలుగురిలో ఆడమనిషి మీద చెయ్యి వేసినందుకు అక్కడి కోర్టు కొన్ని నెలలు జైల్లో పెట్టి, దేశం నుంచి పంపించేసింది. శంషాబాద్‌లో విమానం దిగినవాణ్ని దిగినట్టే అరెస్టు చేశారు.

అప్పుడు వచ్చాడు కట్టయ్య, జోహరాబీ ఇంటికి.

"రాష్ట్రం ప్రకటన అయింది. నగేష్ గూడ మన పిల్లగాడే. వాని నాయిన రుక్కికి దవాఖాన ఖర్చంత పెట్టుకుంటనంటుండు. జర రాజీ కాండ్రి" అన్నాడు.

"రుక్కి ఇల్లు నీకు తెలువదా అన్నా?" అంది సమ్రీన్. "దెబ్బ తగిలింది ఆమెకు. మాట్లాడేది నాతోనా? ఆమె మంచం కాడికి పోయి, ఆమె ముందట నిలబడి అడుగు."

కట్టయ్య పోలేదు.

కేసు విచారణకు వచ్చినప్పుడు రుక్కి చేతికర్ర పట్టుకుని బోనెక్కింది. నగేష్ వకీలు ఆమెను అటూ ఇటూ తిప్పి అడిగాడు. కారు ఆగి ఉన్నప్పుడే వదిలేయొచ్చు కదా, ఎందుకు పట్టుకున్నావు అన్నాడు.

"వదిలితె పోతడని" అంది రుక్కి. "పోయిండు గద సారూ, దుబాయి దాకా."

శిక్ష పడింది. అపీలుకు పోయారు, బెయిలు కోసం తిరిగారు. దొరకలేదు. నగేష్ జైల్లోనే ఉన్నాడు. రుక్కి నడుము మాత్రం బాగవలేదు. తండాలో తీజ్ పండక్కి ఆడపిల్లలు ఆడుతుంటే గోడకు ఆనుకుని చూస్తుంది.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామలో పెద్ద వేదిక కట్టారు. సమ్రీన్‌ను పాడమని కట్టయ్య మనుషులు కారు తెచ్చారు. ఆమె ఎక్కలేదు. తల్లిని వెంటబెట్టుకుని బస్సులో తండాకు పోయింది. రుక్కి వాకిట్లో కూర్చుని స్నేహితురాళ్లిద్దరూ చాలాసేపు కట్టయ్యను తిట్టారు. జోహరాబీ కూడా తిట్టింది, తెలుగు చాలక ఉర్దూలో.