మర్యాద కొండెక్కిన రోజు

పిల్లల పెళ్ళయి ఐదు నెలలైనా, వియ్యంకులిద్దరూ ఒకరితో ఒకరు ఆడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు మీద పట్టేస్తాయి. "బాగున్నారా బావగారూ?" "ఏదో మీ దయ బావగారూ. మీరు?" అంతే. ఆ తర్వాత ఇద్దరూ గోడ మీది గడియారం వైపు చూసేవారు.

పిల్ల తండ్రి టైలరు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. ముప్పయ్యేళ్ళు కుట్టుమిషను మీదికి వంగి కూర్చోవడం వల్ల నిలబడినా కింద ఏదో వెతుక్కుంటున్నట్టే కనిపిస్తాడు. పిల్లవాడి తండ్రి సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. నిట్టాడులా పొడుగు. మాటను కూడా గొలుసుతో కొలిచినట్టే వదులుతాడు. ఈ ఇద్దరి మౌనంతో విసిగిపోయిన కొత్త దంపతులు ఒక ఆదివారం పొద్దున్నే వాళ్ళను బస్సెక్కించారు. కొండల్లో పద్నాలుగు కిలోమీటర్ల చుట్టు దారి ఒకటుంది. మూడు పల్లెలు, పాతకాలపు గొర్రెల మేతభూములు చుట్టి, బయల్దేరిన బస్టాపుకే తిరిగొస్తుంది. ఆఖరి బస్సు సాయంత్రం ఐదున్నరకి.

"రోజంతా ఒకే దారిన నడిస్తే మాట్లాడుకోక ఏం చేస్తారు?" అంది టైలరు కూతురు.

మాట్లాడుకున్నారు. బస్టాపు దగ్గర పది నిమిషాల సేపు, "మీరు ముందు నడవండి", "అబ్బే, మీరుండగానా" అని మాట్లాడుకున్నారు. చివరికి మ్యాపు సర్వేయరు చేతిలో ఉంది కాబట్టి ఆయన ముందు నడిచాడు.

మొదటి పల్లెలో ఎనిమిదే ఇళ్ళు. రాతి గోడలు, రాతి పలకల కప్పులు. ఊట దగ్గర బిందె తోముతున్న ఆవిడ, అడగకుండానే దారి చెప్పింది. "పైన మోకాలెత్తు గోడొకటి వస్తుంది. దాని దగ్గర ఎడమకు తిరిగి పోండి. కుడికి తిరిగారా, ఇక అంతే సంగతులు."

గోడ వచ్చింది. సర్వేయరు మ్యాపు విప్పి, కళ్ళజోడు సర్దుకుని, "కుడికి బావగారూ" అన్నాడు.

టైలరుకు ఆవిడ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మొదటిసారి కలిసి బయటికొచ్చి, వియ్యంకుడి మాట కాదంటే ఏం బాగుంటుంది? "మీరు చెప్పాక తిరుగేముంది, పదండి" అన్నాడు.

అరగంట నడిచాక సర్వేయరుకు అనుమానం వచ్చింది. వీపు మీద ఉండాల్సిన ఎండ ముక్కు మీద కొడుతోంది. తప్పిపోయామని చెప్పేద్దామని ఆగాడు. వెనక బావగారు హుషారుగా ఈల వేసుకుంటూ వస్తున్నాడు. పాపం, ఆయన సరదా ఎందుకు పాడుచేయడం? ముందుకే నడిచాడు. టైలరు ఈల వేస్తున్నది కొత్త బూట్లు కరిచి మడమ మీద లేచిన బొబ్బను మరిచిపోవడానికని ఆయనకేం తెలుసు!

అలా ఇద్దరూ, తప్పు దారని తెలిసి తెలిసి, ఒకరి కోసం ఒకరు గంటసేపు నడిచారు.

దారి ఒక పాడుపడ్డ పల్లెలోకి వెళ్ళింది. కప్పులు కూలిన నాలుగు ఇళ్ళు. ఒక ఇంట్లో పొయ్యి చోటున ముళ్ళపొద మొలిచింది. గూట్లో తుప్పుపట్టిన కత్తెర. గొర్రెల ఉన్ని కత్తిరించేది. ఇరుసు లేదు, రెండు రేకుల్నీ కలుపుతూ వెనక వంచిన ఉక్కుబద్ద మాత్రమే ఉంది. టైలరు దాన్ని అటూ ఇటూ తిప్పి, రెండుసార్లు నొక్కి చూసి, ఎవరో చూస్తున్నట్టు మెల్లగా ఉన్నచోటే పెట్టేశాడు. "పనిమంతుల చెయ్యి పడ్డ వస్తువండీ ఇది" అన్నాడు. ఆ పొద్దుటి నుంచి వాళ్ళ మధ్య దొర్లిన మొదటి అసలైన మాట అదే. సర్వేయరు తల ఊపాడు.

ఊరు దాటగానే దారి లేదు. ఛాతీ ఎత్తు రాతిగోడ ఉంది. "ఎక్కి దిగితే దారి కనిపిస్తుంది" అంటూ సర్వేయరు కాలు పైకెత్తాడు. పర్‌ర్‌మని చప్పుడైంది. ఆయన ప్యాంటు నడుం వెనక నుంచి మోకాలి దాకా రెండుగా విడిపోయింది.

సర్వేయరు గోడకు వీపు ఆన్చి శిలలా నిలబడ్డాడు. "మీరు కాస్త అటు తిరుగుతారా బావగారూ?"

"తిరిగితే కుట్టేదెలా? ఇలా ఇవ్వండి" అన్నాడు టైలరు. సూదీ దారం ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటాయి.

ఇంకో గుడ్డ లేకపోవడంతో సర్వేయరు మ్యాపునే నడుముకు చుట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. టైలరు ప్యాంటును ఒళ్ళో వేసుకుని, ఊడిన కుట్టు చూసి, మర్యాద మొత్తం మరిచిపోయాడు. "ఛీ! ఈ కుట్టు ఎవడు వేశాడండీ? వాడి చేతులు విరగ్గొట్టాలి!"

"మా ఆవిడ" అన్నాడు సర్వేయరు.

టైలరు నాలుక కరుచుకున్నాడు. వియ్యపురాలి చేతులు విరగ్గొడతానన్నందుకు భూమిలోకి కుంగిపోదామంటే కిందంతా రాయే. సర్వేయరు పెదవులు బిగించి కూర్చున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. చూస్తే, మనిషి నవ్వుతున్నాడు. "ముప్పయ్యేళ్ళ నుంచి ఈ మాట అనాలని నాకూ ఉందండీ. ధైర్యం చాల్లేదు!"

ఆ నవ్వులో వెనక గంటల చప్పుడు ఎవరూ వినలేదు. చుట్టూ నలభై గొర్రెలు, రెండు మేకలు, ఒక ముసలి కుక్క, చేతికర్రతో అరవయ్యేళ్ళ కాపరి ఆవిడ. ఆమె ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసింది. సర్వేయరు వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. ఈలోగా మేక ఒకటి మ్యాపు కొసను నోట పట్టింది.

"ఏయ్! హుష్! అమ్మా, మీ మేకను ఆపండమ్మా!"

"తిననీ. ఆ కాగితం పుణ్యమా అని ఏటా నలుగురు తప్పిపోయి నా మందలో పడతారు. గోడ దగ్గర కుడికి దారని గీసిన మహానుభావుడెవడో గానీ, వాడు దొరికితే ఈ గుట్ట చుట్టూ పరిగెత్తించాలి" అంది కాపరి.

టైలరు ప్యాంటు అందించాడు. సర్వేయరు అది తొడుక్కున్నాడు. బొత్తాం పెట్టుకున్నాక నెమ్మదిగా అన్నాడు. "దొరికాడమ్మా. నేనే."

టైలరూ కాపరీ నోళ్ళు తెరిచారు.

"ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. జట్టులో అందరికీ జ్వరాలు. ఈ ఒక్క ముక్కా ఎక్కకుండా, కింద టీ తాగుతూ, దుర్భిణీలో చూసి గీసేశాం. కలం నా చేతిలోనే ఉంది. ఇక్కడికి ఎవరొస్తారులే అనుకున్నాను."

"నువ్వే వచ్చావుగా" అంది కాపరి.

టైలరుకు పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది, నవ్వేశాడు కూడా. "అయితే బావగారూ, తప్పు దారని మీకెప్పుడు తెలిసింది?"

"గంట క్రితం. మీకు?"

"గోడ దగ్గరే!"

"మరి నోరు విప్పరేం?"

"మీరు బావగారు కదండీ!"

"బావగారైతే లోయలోకి దూకినా వెనకే దూకుతారా?" అని సర్వేయరు గొంతు పెంచాడు. "నా మడమ కమిలిపోయింది మీ వల్ల!" అని టైలరూ పెంచాడు. ఐదు నెలలుగా లోపల దాచుకున్న అరుపులన్నీ ఆ గుట్ట మీద వెళ్ళగక్కారు. కాపరి చేతికర్ర మీద గడ్డం ఆనించి, గొడవ అయ్యేదాకా ఓపిగ్గా నిలబడింది.

"అయిందా? మరి పనికి రండి. దారి నేను చూపిస్తాను. కూలి ముందు ఇవ్వాలి."

మందను కింది మేతకు దించాలి. మధ్యలో గోడ రెండు చోట్ల కూలింది. ఆ సందుల్లోంచి గొర్రెలు బండల వైపు వెళ్ళిపోతున్నాయి. కుక్కకు కాలు బెణికింది. "పొడుగాయనా, నువ్వు ఆ సందులో నిలబడు. గుండ్రాయనా, నువ్వు ఈ సందులో. చేతులు చాపి దిష్టిబొమ్మల్లా ఉంటే చాలు. ఏం తోచకపోతే అరవండి. అది మీకు బాగా వచ్చు."

సర్వేయరు సందులో సర్వేయరులాగే నిలబడ్డాడు, చూపుడువేలు చాపి. గొర్రెలు ఆ వేలికి భయపడ్డాయి. టైలరు సందులోకి ఒక పెద్ద పొట్టేలు వచ్చింది. ఇద్దరూ కాసేపు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. "దయచేసి అటు వెళ్ళండి" అన్నాడు టైలరు. అది వెళ్ళలేదు. అప్పుడు ఆయన తన షాపులో, బట్టల కోసం తొందరపెట్టే పెళ్ళివారిని పంపించే గొంతుతో, "రేపు రండి! ఇవాళ కాదు! రేపు!" అని అరిచాడు. పొట్టేలు వెనక్కి తిరిగింది. అవతలి సందులోంచి సర్వేయరు చప్పట్లు కొట్టాడు.

మందతోపాటు మూడు గంటలు నడిచారు. పాత గొర్రెల బాట అది, గిట్టలు నడిచి నడిచి రెండు రాళ్ళ మధ్య అరిగిపోయిన పల్లం. సర్వేయరు అడుగులు లెక్కబెట్టుకుంటూ, ప్రతి మలుపునూ నోటుబుక్కులో గీశాడు. అంకె తప్పితే టైలరు గుర్తుచేశాడు. ఒకసారి తప్పుగా గుర్తుచేశాడు. దాని మీద ఇంకో పావుగంట పోట్లాట. ఆ మధ్యలో ఉడికించిన గుడ్లు, రొట్టె పంచుకు తిన్నారు. కాపరికి గుడ్డు ఇస్తే, ఇకపై దారి తప్పినవాళ్ళను తిట్టనని ఒప్పుకుంది. "ఈ ఒక్క ఏడు" అంది.

బస్టాపున్న కింది పల్లె చేరేసరికి ఐదు నలభై. బస్సు వెళ్ళిపోయింది. కాపరి అల్లుడు పాల వ్యాను తీశాడు. ఖాళీ క్యాన్ల మధ్య కూర్చుని, బూట్లు విప్పి, కాళ్ళు చాపుకుని ఇద్దరూ కిందికి దిగారు. ప్రతి మలుపులోనూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఏడు మలుపుల తర్వాత, ఇద్దరూ సర్దుకోవడం మానేశారు.

ఇంటి దగ్గర వ్యాను దిగేటప్పుడు కూడా కూలిన సందులు రెండా మూడా అని వాదించుకుంటూనే ఉన్నారు. గేటు దగ్గర ఎదురుచూస్తున్న కూతురికి ప్రాణం ఉసూరుమంది.

"నాన్నా! గొడవపడ్డారా?"

"పడ్డాం" అన్నాడు టైలరు.

"బాగా పడ్డాం" అన్నాడు సర్వేయరు. "సగమే కొలిచాం. వచ్చే ఆదివారం మిగతా సగం. తల్లీ, మీ నాన్నకు పాత బూట్లు వేసి పంపు."

మూడు నెలల తర్వాత కొత్త మ్యాపు అచ్చయింది. అందులో గోడ దగ్గర దారి ఎడమకు తిరుగుతుంది. సర్వేయరు ఒక ప్రతి కాపరికి ఇచ్చి వచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, మేకలకు అందనంత ఎత్తులో తలుపు మీద కొక్కేనికి తగిలించింది.