అక్కకు సరిపోయిన రక్తం

పనిలో అందరూ అతణ్ణి ఉడుత అనేవాళ్ళు. లిఫ్టులు బాగుచేయడం అతని పని. ఎంత ఎత్తు బిల్డింగైనా సరే, లిఫ్టు తిరిగే ఆ చీకటి సందులో నడుముకు బెల్టు బిగించుకుని, జిడ్డోడే ఇనుప తాళ్ళ పక్కనుంచి చకచకా పైకి పాకేసేవాడు. "ఒరేయ్ ఉడుతా, పైనే కాపురం పెట్టేశావా?" అని కింద నుంచి మేస్త్రి అరిస్తే గానీ దిగేవాడు కాదు. అలాంటివాడు, ఆ జబ్బు దేశదేశాలా పాకిన ఏడాది, సొంత ఇంటి తలుపు గొళ్ళెం ముట్టుకోవాలన్నా వణికిపోయాడు.

వణకడానికి కారణం ఉంది. భార్యకు ఏడో నెల. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. పని నుంచి రాగానే బట్టలు గుమ్మం బయటే బకెట్లో వేసి, ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకుని, అప్పుడు గాని లోపలికి వచ్చేవాడు కాదు. కూరగాయల్ని కూడా సబ్బునీళ్ళలో ముంచుతుంటే, "ఏమండీ, రేపు నన్ను కూడా బకెట్లో ముంచుతారా?" అని భార్య నవ్వేది. నవ్వేది గానీ, వీధిలో ఎవరైనా దగ్గితే కిటికీ మూసేది ఆమే.

అలాంటి రోజుల్లో బావ ఫోన్ చేశాడు.

అక్కా బావా వేరే దేశంలో ఉంటారు. అక్క అక్కడ పిల్లలకు ఈత నేర్పుతుంది. అతనికి పాలపళ్ళు ఊడే వయసులో అమ్మ పోతే, స్నానం చేయించి, అన్నం కలిపి పెట్టి, అల్లరి చేస్తే వీపు వాయించి పెంచింది అక్కే. ఆ అక్కకు రక్తంలో జబ్బు వచ్చిందని, ఎముకల్లోని మూలుగ మార్చాలని చలికాలంలోనే తెలిసింది. పరీక్షలు చేస్తే, రక్తం గ్రూపు వేరైనా, అతని మూలుగ అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఎండలు ముదిరాక తీరిగ్గా చేద్దామన్నారు. ఇప్పుడు తీరిక లేదు.

"జబ్బు మళ్ళీ తిరగబెట్టేలా ఉందంటున్నారు డాక్టర్లు," అన్నాడు బావ. "ఇంకా ఆగితే లాభం లేదట. మామూలుగా అయితే నీ దగ్గర అక్కడే తీసి పెట్టెలో పంపించేవాళ్ళు. కానీ విమానాలు ఎప్పుడు ఆగిపోతాయో ఎవరికీ తెలీదు. ముందు మీ అక్క ఒంట్లో ఉన్న మూలుగంతా మందులతో చంపేస్తారు. ఆ తర్వాత నీది అందకపోతే..."

"అందకపోతే?"

"మనిషి దక్కదు. అందుకే నువ్వే రావాలంటున్నారు. నువ్వు వస్తానంటేనే మొదలుపెడతారు. ఒకసారి మొదలుపెట్టాక వెనక్కి పోవడం కుదరదు. ఆలోచించుకుని చెప్పు. మీ ఇంటి పరిస్థితి నాకు తెలియనిది కాదు."

వస్తానని అతని నోట్లోంచి రాలేదు. రానని కూడా రాలేదు. "సరే బావా, చెప్తాను" అని ఫోన్ పెట్టేశాడు.

భార్యకు చెప్పాడు. ఆమె గోడకు చేరబడి కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"వెళ్ళొద్దని నేననను," అంది. "అంటే రేపు ఏదైనా జరిగితే ఆ పాపం నా నెత్తిన పడుతుంది. వెళ్ళమని కూడా అనలేను. మీరు అక్కడ పడిపోతే నేనెవరి మొహం చూడాలి? ఆ మాట మాత్రం నా చేత అనిపించకండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వారమంతా టీవీలో ఎయిర్‌పోర్టుల్లో నేలమీద పడుకున్న జనాన్ని చూపించారు. ఒక దేశం తలుపులు మూసిందని ఉదయం చెప్తే, సాయంత్రానికి ఇంకో దేశం. అవతల బావ మళ్ళీ ఫోన్ చేయలేదు. చేయకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

ఇంతలో మేస్త్రికి జ్వరం వచ్చి మంచం పట్టాడు. ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రిలో లిఫ్టు ఆగిపోయిందని, లోపల మనుషులున్నారని కబురొచ్చింది. వెళ్ళడానికి ఉడుత తప్ప ఎవరూ లేరు.

ఆసుపత్రి వెనక తలుపు దగ్గర వాచ్‌మన్ అతనికి ఒక మాస్కు, పల్చటి గ్లవ్స్ ఇచ్చాడు. "ఆ జబ్బు రోగుల లిఫ్టే బాబూ," అన్నాడు మొహం పక్కకు తిప్పుకుని. మెట్లెక్కి మోటారు గదికి వెళ్ళి, కరెంటు తీసేసి, బ్రేకు వదులు చేసి, చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పాడు. లిఫ్టు మూలుగుతూ కిందికి జరిగింది. అంతస్తు దగ్గర సరిగ్గా ఆగిందనుకుని, కిందికి పరిగెత్తి, తాళంచెవితో తలుపు తెరిచాడు.

తల నుంచి కాళ్ళ దాకా ప్లాస్టిక్ తొడుక్కున్న నర్సు, స్ట్రెచర్, దాని మీద ఒక ముసలాయన. ఆక్సిజన్ సిలిండర్ గుసగుసలాడుతోంది.

"అయిపోవస్తోంది, తొందరగా లాగండి!" అంది నర్సు.

లిఫ్టు జానెడు దిగువన ఆగింది. స్ట్రెచర్ చక్రం గడపకు తట్టుకుని కదలడం లేదు. వాచ్‌మన్ దూరంగానే నిలబడిపోయాడు. ఉడుత వంగి, రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాడు. ఇనప అంచు తగిలి గ్లవ్ చిరిగింది. మాస్కు ముక్కు మీంచి జారింది. సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు. ఒళ్ళు సలసల కాగుతోంది.

"వచ్చేశామా?" అన్నాడు ముసలాయన.

"వచ్చేశాం తాతా."

చక్రం గడప దాటింది. నర్సు స్ట్రెచర్ తోసుకుంటూ పరుగెత్తింది. ఉడుత మాత్రం అక్కడే నిలబడి తన మణికట్టు చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అన్నట్టు.

ఇంటికెళ్ళి లోపలికి అడుగు పెట్టలేదు. వీధి వైపు గదిలో, సామాన్లు పెట్టుకునే చోట చాప పరుచుకున్నాడు. భార్య పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేది. గొంతులో గరగర అనిపిస్తే అదేనేమో, ఒళ్ళు వెచ్చగా ఉంటే అదేనేమో. ఊదుబత్తీ వాసన తెలుస్తోందా లేదా అని మాటిమాటికీ వాసన చూసుకున్నాడు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి పంపించాక, అతనికి ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందని తెలిసి తనకే ఒళ్ళు జలదరించింది.

ఉందని వస్తే బాగుండు. వస్తే వెళ్ళనక్కర్లేదు. ఎవరూ ఏమీ అనరు.

లేదని వచ్చింది.

ఫోన్‌లో ఆ మాట చూసుకుంటుండగానే అక్క ఫోన్ వచ్చింది. బావ కాదు, అక్కే. గొంతు పలచబడిపోయింది గానీ పిలుపు మాత్రం పాతదే.

"ఏరా చిన్నోడా, పరీక్ష చేయించుకున్నావని మీ ఆవిడ చెప్పింది. ఏమొచ్చింది?"

"ఉందని వచ్చింది అక్కా," అన్నాడు. మాట దానంతటదే జారిపోయింది.

అవతల నుంచి ప్రశ్నల వర్షం కురిసింది. "ఆయాసం ఉందా? మెట్లెక్కితే ఊపిరాడుతోందా? మీ ఆవిడ ఎక్కడుంది? దూరంగా పడుకుంటున్నావా? కడుపుతో ఉన్న పిల్ల రా, అంటించకు. వెల్లకిలా పడుకోకు, బోర్లా పడుకో. వేణ్ణీళ్ళు తాగు. నా సంగతి వదిలెయ్, నాకేం, ఇంకో దారి ఏదో చూస్తారు. ముందు నువ్వు బాగుపడు. వింటున్నావా?"

ఇంకో దారి లేదని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. అనుమానించి ఉన్నా తట్టుకునేవాడు. అతను గోడకు తల ఆనించి ఏడ్చేశాడు.

"అబద్ధం అక్కా. నాకేమీ లేదు. భయమేసి అలా అనేశాను."

అవతల అక్క ముక్కు చీదింది.

"చచ్చినోడా, నా గుండె ఆగినంత పనైంది. భయం నీకొక్కడికేనా? నువ్వు రాకపోతే చచ్చిపోతానేమోనని భయం. వస్తే, దారిలో నీకేమన్నా అయితే బతికి కూడా ఏం చేసుకోను అని ఇంకో భయం. రోజంతా ఈ రెంటి మధ్యే కొట్టుకుంటున్నాను. నేను రమ్మనను రా. నా నోటితో అనలేను."

భార్య కూడా ఇదే మాట అంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఆ మాటను తన ఒళ్ళోనే పెట్టారని అతనికి అర్థమైంది. ఇక దాన్ని మోయడానికి ఎవరూ మిగల్లేదు.

"మందులు మొదలుపెట్టమను," అన్నాడు. "వస్తున్నాను."

అనగానే ధైర్యం వస్తుందనుకున్నాడు. రాలేదు.

మధ్య గోడ పల్చటిది. భార్య అంతా విన్నది. లేదని వచ్చిందన్న సంగతి తనకు చెప్పకుండా అక్కకు అబద్ధం చెప్పినందుకు కోపం వచ్చింది, చాలా కోపం వచ్చింది. అయినా తలుపు తీసి, అటకమీది పెట్టె దింపమంది. మడతపెట్టిన చొక్కాల మధ్య సబ్బుబిళ్ళలు కుక్కుతూ, "బయల్దేరాక ప్రతిచోటా ఫోన్ చేయండి. చేయకపోతే మాత్రం ఊరుకోను," అంది. ఊరుకోక ఏం చేస్తుందో ఆమెకే తెలీదు.

ఎయిర్‌పోర్టులో సగం లైట్లు ఆర్పేసి ఉన్నాయి. కొట్లన్నీ మూసేశారు. జనం రెయిన్‌కోట్లు వేసుకుని, ఈత కళ్ళద్దాలు పెట్టుకుని ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకుంటున్నారు. విమానంలో అతని వెనక వరసలో ఎవరో దగ్గారు. ముందు వరసలవాళ్ళందరి మెడలూ ఒక్కసారి బిగుసుకున్నాయి. అతను దారి పొడుగునా మంచినీళ్ళు కూడా తాగలేదు, మాస్కు తీయాలి కాబట్టి.

అక్కడ దిగాక ఒక హోటల్ గదిలో పెట్టి తాళం వేశారు. కిటికీ తెరుచుకోదు. రోజూ ఒక వేళకు బావ కింద రోడ్డు మీదికొచ్చి నిలబడి చెయ్యి ఊపేవాడు. ఫోన్‌లో, "ఏదో ఉడుతాభక్తిగా వచ్చానంటావేమో, పేరు కూడా కలిసొచ్చిందిలే," అని నవ్వించబోయేవాడు. పైనుంచి చూస్తే బావ భుజాలు సగమైపోయాయి. అక్కకు మందులు మొదలయ్యాయి. ఈ గదిలో రోజూ చేసే పరీక్షలో తనకు ఉందని తేలితే ఆమె పని అయిపోయినట్టే. మొన్నటిదాకా ఏది రావాలని కోరుకున్నాడో, ఇప్పుడు అదే రాకూడదని ప్రతి ఉదయం వణికిపోయాడు.

రాలేదు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి అక్కకు ఎక్కించారు. అక్కను చూడనిచ్చింది అద్దం అవతల నుంచి మాత్రమే. గుండు, ఎముకల గూడు. ఆ గూడే చెయ్యెత్తి, ఏరా తిన్నావా అన్నట్టు సైగ చేసింది.

ఆ మూలుగ అక్క ఒంట్లో పట్టుకుంటుందా లేదా అని ఎదురుచూస్తుండగా సరిహద్దులు మూసేశారు. తిరుగు విమానం రద్దయింది. మేస్త్రి పోయాడన్న వార్త అక్కడే విన్నాడు, కడచూపుకు ఎవరినీ రానివ్వలేదట. అక్కకు జ్వరాలు వచ్చాయి, నోరంతా పుళ్ళు పడ్డాయి. భార్యకు నొప్పులొచ్చాయని కబురు తెలిసినప్పుడు అతను బావ ఇంటి వంటగదిలో గిన్నెలు తోముతున్నాడు. పక్కింటావిడే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఫోన్ తెరమీద ఎర్రటి మొహం, బిగించిన పిడికిళ్ళు. ఆడపిల్ల. ఏడుపు ఒక క్షణం ఆలస్యంగా వినిపించింది. ఆ ఒక్క క్షణంలో అతని ప్రాణం పోయి వచ్చింది.

అక్క నిలదొక్కుకుంది. ఒక్కసారిగా కాదు, రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి. ఆమె రక్తం గ్రూపు కూడా మారి తమ్ముడిదే అయిందని డాక్టరు చెప్తే, "ఇంకేముంది, పిరికి రక్తం ఎక్కించారు. రేపట్నుంచి ఈతకొలను చూసినా వణుకుతాను," అంది. బావ ఆ రోజు చాన్నాళ్ళకు గట్టిగా నవ్వాడు.

విమానాలు మళ్ళీ మొదలై, అతను ఇల్లు చేరేసరికి పిల్ల బోర్లా పడుతోంది. విడిగా ఉండాల్సిన రోజులన్నీ వీధి గదిలోనే గడిపి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని లోపలికొచ్చాడు. భార్య పిల్లను చేతుల్లో పెట్టింది. పిల్ల అతని మొహంలోకి తేరిపార చూసి, మూతి విరిచి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

"ఇవ్వనా?" అన్నాడు కంగారుగా.

"ఏం వద్దు, ఎత్తుకునే ఉండండి," అంది భార్య. "దానికి మీరు కొత్త. ఏడిచీ ఏడిచీ అదే ఊరుకుంటుంది."

అతను పిల్లను భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరగసాగాడు.