గోదాట్లో గుమ్మం

పాల క్యాన్లు అవతలి ఒడ్డున దింపేసి, పెద్దిరాజు పడవను మళ్లీ లంకవైపు తిప్పాడు. ఎండకు కాగి చింతగింజలా నిగనిగలాడే మెడ, గెడ పట్టీ పట్టీ కాయలు కాచిన అరచేతులు. నోరు మాత్రం ఊరుకోదు. ఓసారి వల్లో పడ్డ పులస తనను పడవతో సహా ధవళేశ్వరం దాకా లాక్కుపోయిందని చెబుతుంటే, పడవలో పావని తప్ప అందరూ నవ్వారు.

పావని సర్వే అమ్మాయి. వరదకు కోసుకుపోయే ఇళ్లను ఫోన్‌లో, మ్యాపు మీద గుర్తు పెడుతోంది. గుమ్మం దగ్గర నిలబడి బటన్ నొక్కాలి. గుర్తు పడిన ఇంటికే అవతలి ఒడ్డున స్థలం. పెద్దిరాజు ఇల్లు నిరుడే గోదాట్లో కలిసిపోయింది. ఇప్పుడు భార్య సుబ్బాయమ్మతో ఉంటున్న పాక లంక నడిమధ్య, ఎవరిదో కొబ్బరితోటలో ఉంది. అక్కడ నొక్కితే ప్రమాదమే లేదంటోంది మ్యాపు.

"మరి మీ అసలిల్లు ఎక్కడ తాతగారూ?"

"కూచోండమ్మా, గుమ్మంలోకే తీసుకెళ్తాను."

"గుమ్మంలో ఏనుగు కూడా కట్టేసుంటుందండి, చూసుకుని దిగండి," అన్నాడు పడవలో వచ్చిన ఏసురాజు, లంక రేవులో దిగిపోతూ.

లంక ఒడ్డుకు ఇరవై బారల దూరంలో, ఇసుకలో మెత్తగా దిగుతున్న గెడ ఠక్కుమంది. నీళ్లకింద, మునిగిన ఇంటి ఇటుకల అరుగు. పెద్దిరాజు చెప్పులు విడిచి ఓ పక్కన పెట్టాడు. పావని ఆ చెప్పులకేసి చూసింది. తనూ విడిచింది.

"వంటింట్లోకి కొట్టుకుపోకుండా ఆపుతానండి. మీరు నొక్కండి."

ఫోన్‌కు సిగ్నల్ సరిగా అందేదాకా, గెడకు రొమ్ము ఆనించి, ఏటి వడికి ఎదురు నిలిచాడు. మెడనరాలు తాళ్లలా తేలాయి. చివరికి, మ్యాపులో నీలం నీళ్ల మధ్య ఎర్ర చుక్క పడింది.

"మా సుబ్బాయమ్మకి స్థలం వస్తదాండి?"

"గుర్తు పడిపోయింది తాతగారూ. వస్తుంది."

రేవుకొచ్చాక, గుండెలో ఎవరో గెడ వేస్తున్నారన్నాడు పెద్దిరాజు. అక్కడున్నవాళ్లు నవ్వారు. అన్నం తెచ్చిన సుబ్బాయమ్మ కూడా నవ్వింది. కాసేపు నడుం వాలుస్తానని పడవలోనే పడుకున్నాడు. కూర చల్లారిపోతోందని ఆమె రెండుసార్లు పిలిచింది. మూడోసారి భుజం పట్టుకుని కదిపింది.

అతని చొక్కా జేబులో, ఇంటి తలుపుకు అంటించుకోమని పావని ఇచ్చిన నంబరు స్టిక్కరు ఉంది. వెనకున్న కాగితం ఇంకా ఊడదీయలేదు.