రక్తం పంచుకు పుట్టినవాడు

నా నోటికి తొందరెక్కువ. సత్తుపల్లిలో మా అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకునేది, నేను వినలేదు. పినపాక దగ్గరి అడవి పల్లెల్లో పదకొండేళ్ళు నర్సుగా తిరిగాక, 2004లో ఆ తొందరతోనే ఒక ఇంటిల్లిపాదినీ ఇరుకున పెట్టాను.

ఆ పల్లెల్లోని జంపక్కకు రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు హైదరాబాదు తీసుకెళ్ళింది నేనే. అక్కడి డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఆమె రక్తకణాల్లో ఒక జన్యువు తేడాగా ఉందట. సరిగ్గా ఆ తేడా మీదే పనిచేసే కొత్త బిళ్ళలు వచ్చాయట. రోజుకు నాలుగు, ఒక్క పూట కూడా మానకూడదు. ఆమెకు ఉచితంగా ఇస్తామన్నారు. ఇదంతా జంపక్కకు విడమరిచి చెప్పే ఓపిక నాకెక్కడిది? "ఈ బిళ్ళలు నీ రక్తానికే పనిచేస్తయి, తెలిసిందా?" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆరు నెలల్లో మనిషి లేచి ఇప్పపువ్వు ఏరుకునేదాకా వచ్చింది. ఆ తర్వాత తెల్లకణాలు మళ్ళీ పెరగసాగాయి. ఇంటికెళ్ళి గట్టిగా అడిగితే సంగతి బయటపడింది. ఆమె తమ్ముడు రాంబాబుకు మెడ మీద గడ్డ లేచింది. ఖమ్మంలో ముక్క తీసి పరీక్ష చేసి, లింఫు గ్రంథుల క్యాన్సర్ అన్నారు. హైదరాబాదు వెళ్ళి ఇంజెక్షన్లు చేయించుకోమన్నారు. ఇంట్లోనే మందుండగా అంత దూరం దేనికని అతను కదల్లేదు. రోజూ రెండు బిళ్ళలు అక్కకు, రెండు తమ్ముడికి.

"నా రక్తానికే పనిచేస్తదని నువ్వే అంటివి గద సిస్టరూ," అంది జంపక్క. "రక్తం పంచుకు పుట్టినోడు. బిళ్ళ పంచుకోవద్దా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ ఇద్దరి రక్తం ఒకటి కాదే తల్లీ! నీది వేరే, వాడిది వేరే!" అని అరిచాను.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న వాళ్ళ తల్లి ముత్తమ్మ చేతిలో చేట ఆగిపోయింది. రాంబాబు గోడ పట్టుకుని లేచాడు.

"ఏంది సిస్టరూ, మా అమ్మను ఏమంటున్నవ్?"

అప్పటికి గానీ నేనేం కూశానో నాకు అర్థం కాలేదు. రోగం వేరన్నాను, కణాలు వేరన్నాను. ఎటు తిప్పినా మాట ఆ ముసలామె మీదికే పోతోంది. జంపక్క నా కళ్ళ ముందే రెండు బిళ్ళలు తీసి తమ్ముడి అరచేతిలో పెట్టింది.

"తమ్మున్ని పరాయోన్ని చేసి నేను బతకాల్నా?"

సిగ్గుతో చచ్చిపోయి బయటికొచ్చేశాను. దడి దగ్గర ముత్తమ్మ నన్ను ఆపింది.

"గిట్ల సగం సగం తింటే ఏమైతది?"

"ఇద్దరూ పోతారు పెద్దమ్మా. వాడికి ఆ బిళ్ళలు ఎందుకూ పనికిరావు. ఇంజెక్షన్లకు పోతే బాగయ్యే దారుంది."

"చెప్తే ఇంటరా?"

"వినరు."

ముత్తమ్మ నా చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళింది. పిల్లల వంక చూడకుండా నేల వంక చూస్తూ చెప్పింది.

"సిస్టరు నిజమే చెప్పింది. రాంబాబు మీ అయ్యకు పుట్టలే. మీ రక్తం వేరే."

రాంబాబు అరచేతిలోని బిళ్ళలు అక్క ఒడిలో పెట్టి బయటికి నడిచాడు. ఏడుస్తున్న జంపక్క నోట్లో ఆ పూట నాలుగు బిళ్ళలూ ముత్తమ్మే వేసింది.

మర్నాడు రాంబాబును తీసుకుని బస్సెక్కుతుంటే ముత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది. "పిల్లల అయ్య సమ్మయ్యను తప్ప ఇంకో మొగోన్ని ఎరగ సిస్టరూ. రాంబాబు బాగై వచ్చేదాక చెప్పకు. తెలిస్తే మల్ల బిళ్ళలకు చెయ్యి జాపుతడు," అంది. ఒట్టు వేయించుకుంది.

హైదరాబాదు ఆసుపత్రిలో చీటీ రాసే గుమాస్తా పేరు, ఊరు అడిగాడు. రాంబాబు చెప్పాడు.

"తండ్రి పేరు?"

రాంబాబు తల దించుకున్నాడు. వెనక వరుసలో వాళ్ళు జల్దీ జల్దీ అంటున్నారు.

"సమ్మయ్య," అన్నాను నేను.

గుమాస్తా రాసుకున్నాడు. రాంబాబు నా వైపు తిరిగాడు.

"అబద్ధం ఎందుకు రాపిచ్చినవ్ సిస్టరూ?"