మిసాకి మారు బిళ్ళ

పీతను వెల్లకిలా తిప్పి, కడుపు మీద బొటనవేలితో నొక్కి చూసింది కయోకో. గట్టిగానే ఉంది. కాళ్ళు పదీ ఉన్నాయి. డిప్ప వెడల్పు కొలబద్ద మీద గీత దాటింది. ఎడమచేత్తో దాని పటకారు కాళ్ళు రెండూ కలిపి అదిమిపట్టి, కుడిచేత్తో ఊదారంగు బిళ్ళ తొడిగి దాని ప్లాస్టిక్ తోక లాగి బిగించింది. ఆ పీతను తట్టలో పడుకోబెట్టి ఇంకొకటి అందుకుంది.

బయట మంచు కురుస్తోంది. షెడ్డుకి సముద్రం వైపు గోడ లేదు కాబట్టి లోపల కూడా కాస్త కురుస్తోంది. వేలంపాట మొదలయ్యేలోపు రియోజి పడవ దింపిన పీతలన్నిటికీ బిళ్ళలు పడాలి. అవతల రబ్బరు బూట్ల వ్యాపారులు చేతులు చంకల్లో పెట్టుకుని, ఎప్పుడవుతుందన్నట్టు ఆమె వైపు చూస్తున్నారు. అలా చూసినంత మాత్రాన ఆమె చేతులు తొందరపడవు.

బిళ్ళ పది యెన్ల నాణెం కంటే కాస్త పెద్దది. ఒకవైపు రేవు పేరు, రెండోవైపు పడవ పేరు, ఉబ్బెత్తు అక్షరాలతో. ఏ ఒసాకా హోటల్లోనో కూర్చున్న మనిషి దాని మీదున్న చుక్కల గడికి ఫోను చూపిస్తే చాలు, పడవ బొమ్మ, దాన్ని నడిపే సరంగు మొహం, వల వేసిన చోటు, ఒడ్డుకి చేరిన రోజు అన్నీ బయటపడతాయి. కట్టిన మనిషి మొహం మాత్రం రాదు. వచ్చి ఏం చేస్తుందిలే అంటుంది కయోకో, ఎవరైనా అడిగితే. ఎవరూ అడగరు.

ఏ పడవకి ఎన్ని బిళ్ళలో సీజనుకి ముందే జాలర్ల సంఘం లెక్కకట్టి ఇస్తుంది. అవి అయిపోయాయంటే ఆ ఏటికి ఆ పడవ వల ఎండగట్టాల్సిందే. సముద్రంలో మిగిలినవి మిగలాలి, పిల్లల్ని పెట్టాలి. అందుకే బిళ్ళ విషయంలో రేవు రేవంతా కాస్త చాదస్తంగా ఉంటుంది. ఆమధ్య పక్క పట్నంలో ఒక వ్యాపారి, వాడి పారేసిన బిళ్ళలు ఏరుకొచ్చి ఎక్కడివో పరదేశం పీతలకి తగిలించి అమ్మాడు. వాడు పట్టుబడ్డాడు సరే, ఆ శీతాకాలమంతా ఈ ఊరి పీతను ముట్టుకున్న నాథుడు లేడు. చేసినవాడు ఒకడు, మాడింది ఊరంతా.

కయోకోకి అరవై దాటాయి. పొట్టి మనిషి. తలకి తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళు దిగే రబ్బరు ఏప్రన్ కట్టుకుంటే వెనకనుంచి పదేళ్ళ పిల్లలా ఉంటుంది. వేళ్ళ కణుపులు వాచి, చలికి కమిలి, తను కట్టే బిళ్ళల రంగుకే తిరిగాయి. పెళ్ళయి ఈ ఊరొచ్చిన నాలుగేళ్ళకే ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి పోదామనుకుంటూ ఉండగానే పీతల సీజను మొదలైంది, చేతులు తక్కువయ్యాయని సంఘంవాళ్ళు పిలిచారు. అలా ఉండిపోయింది. సాయంత్రం ఇంటికెళ్ళి టీవీ పెట్టుకుంటుంది. చూడ్డానికి కాదు, ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలని. అన్నం గిన్నె, మిసో పులుసు గిన్నె, తినడానికి ఒక జత పుల్లలు. తోమడానికి నిమిషం పట్టదు. ఊళ్ళో అందరికీ ఆమె బిళ్ళలావిడ. కయోకో అని పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయనిప్పుడు గుట్ట మీది ఆసుపత్రిలో, ఇవాళో రేపో అన్నట్టున్నాడు.

ఆయన పేరు ఇసామి. మిసాకి మారు పడవకి సరంగు. కయోకో పనిలో చేరిన మొదటి శీతాకాలం, కంగారులో ఒక పడవ బిళ్ళల్ని ఇంకో పడవ పీతలకి కట్టేసింది. ఒక తట్ట నిండా. వ్యాపారులు పాట కూడా పాడేశారు. ఇసామి వచ్చి వేలం ఆపించాడు. తిడతాడని ఆమె తల దించుకుంది. ఆయన తిట్టలేదు. బోర్లించిన పెట్టె మీద కూర్చుని, కత్తెర తీసుకుని, ఒక్కో బిళ్ళా కత్తిరించి ఆమె చేతికి కొత్తది అందిస్తూ పోయాడు. "పీతకి నోరు లేదు కదమ్మా. ఎక్కణ్ణుంచి వచ్చిందో దాని తరఫున మనమే చెప్పాలి" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆమె చేతిలో బిళ్ళ తప్పలేదు.

రెండేళ్ళ కిందట ఆయన కళ్ళు పూర్తిగా మసకేశాయి. పడవల సంఖ్య తగ్గించాలని సంఘం తీర్మానించింది కూడా అప్పుడే. వారసులు లేని మిసాకి మారు ముందు వరసలో నిలబడింది. దాన్ని ముక్కలు చేస్తుంటే ఇసామి కుర్చీ వేయించుకుని, కనపడకపోయినా, చప్పుడు వింటూ కడదాకా కూర్చున్నాడు. మిగిలిన బిళ్ళల పెట్టె తనే మోసుకొచ్చి కయోకో ముందు పెట్టాడు. ఇంకే పీతకీ ఎక్కకుండా ఇద్దరూ కలిసి వాటిని కత్తిరించారు. అప్పట్నుంచి వేట లేని రోజుల్లో ఆమె ఆయనింటికి వెళ్ళేది, టీ పెట్టేది, రేవు కబుర్లు చెప్పేది. ఏ పీతకి ఏ కాలు పోయిందో కూడా చెప్పేది. ఆయన వినేవాడు. భార్య పోయాక ఆయనకీ వినడానికి వేరే గొంతు లేదు.

నిన్న సాయంత్రం ఆసుపత్రికి వెళితే, ఆయన దిండు కింద చెయ్యి పెట్టి, గుడిలో ఇచ్చే రక్షరేకు సంచీ తీశాడు. అందులోంచి ఒక బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. చూడనక్కర్లేకుండానే తెలిసింది ఏ పడవదో.

"రేపు రియోజి వస్తాడుగా. మంచి పీతని చూసి, దానికిది కట్టి పట్రా."

"ఇది మీ దగ్గర ఎలా ఉంది?"

"ఎలా ఉంటే నీకెందుకు? నా పడవ పీత ఒక్కటి తిని పోతాను. ఇంకేం అడిగాను నిన్ను ఇన్నేళ్ళలో?"

"మీ పడవ లేదు కదా సరంగు గారూ."

"లేదని నువ్వు నాకు చెప్పాలా?" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఆ బిళ్ళ ఇప్పుడు ఆమె ఏప్రన్ జేబులో ఉంది. పొద్దుటినుంచి నూట ఎన్నోసారో దాన్ని తడుముకుంది. నిజంగానే ఆయన ఇన్నేళ్ళలో ఏమీ అడగలేదు. అడక్క అడక్క అడిగినది, తను తెలిసి ఒక్కనాడూ చేయని పని. అదీ చేయకూడదని ఆయనే నేర్పిన పని.

వేలం అయిపోయింది. తను కొనుక్కుంటానని ముందే చెప్పి పక్కన పెట్టించిన పీత ఒకటి బల్ల మీద ఉంది. మంచి పీత. డిప్ప నిండా కండ. కయోకో దాని ఎదురుగా కూర్చుని ఉండిపోయింది. రియోజి గొట్టంతో డెక్కు కడిగి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, ఒకప్పుడు ఇసామి దగ్గర వల లాగినవాడు, నోరు మూతపడదు.

"ఏంటక్కా, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకుని చూసినట్టు దాన్నలా చూస్తున్నావు? నచ్చలేదా?"

ఆమె బిళ్ళ తీసి చూపించింది. విషయం చెప్పింది. రియోజి గొట్టం కింద పడేసి, మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"కట్టెయ్యక్కా. ఇదేమన్నా హోటలుకి పోద్దా? ముసలాయన నోట్లోకి పోద్ది. ఎవడు చూడొచ్చాడు?"

"ఆయన చూస్తాడు కదరా."

"ఆయనకి కళ్ళెక్కడున్నాయి?"

"అదేరా నా ఏడుపు. కళ్ళు లేని మనిషికి బిళ్ళ కూడా అబద్ధం చెప్తే ఎలా?" అంది కయోకో.

బిళ్ళ తోకను పీత పటకారు కాలు చుట్టూ తిప్పింది. తోక కన్నంలో దూర్చింది. ఒక్కసారి లాగితే అయిపోతుంది, తర్వాత కత్తెర పెడితేనే ఊడేది. ఆయన వేలు ఆ అక్షరాల మీద ఆడడం, ఆ ముడతల మొహం విచ్చుకోవడం కళ్ళకి కట్టింది. ఎంత సంతోషిస్తాడో! ఎన్నాళ్ళుంటాడని? తన పంతం ఆయన ప్రాణం కంటే ఎక్కువా? చెయ్యి లాగబోయింది. లాగలేకపోయింది. మనసు ఒప్పుకున్నా వేళ్ళు ఒప్పుకోలేదు. తోక వెనక్కి తీసేసి, బిళ్ళ జేబులో వేసుకుని, రియోజి పడవ బిళ్ళే కట్టి బిగించింది.

"నీ అంత మొండిదాన్ని చూళ్ళేదక్కా" అన్నాడు రియోజి. గొట్టం చుట్టుకుంటూ, "సముద్రం అడుగున ఆయన ఎప్పుడూ వేట చేసే గట్టుంది కదా, దాని మీదే వల వేశానని చెప్పు. అడుగుతాడు" అన్నాడు.

ఇంటికి తీసుకొచ్చి మంచినీళ్ళ తొట్టిలో వదిలింది. ప్రాణంతో వేడినీళ్ళలో వేస్తే పీత కాళ్ళు రాల్చేస్తుంది. కదలిక ఆగాక, ఉప్పునీళ్ళు మరిగించి, వెల్లకిలా దించింది, డిప్పలోని గుజ్జు కారిపోకుండా. కిటికీలు ఆవిరితో మూసుకుపోయాయి. టీవీ పెట్టలేదు ఇవాళ. ఆయనతో ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుంది. ఏదీ బాగా లేదు. ఉడికిన పీతను గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, మధ్యాహ్నం బస్సెక్కింది. బస్సులో డ్రైవరు, తను. పీత వాసనకి డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది. ఒకి అనే నర్సు దిండు ఎత్తుగా సర్ది, "పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్నారు. కొంచెమే పెట్టండి, మింగలేరు" అని చెప్పి వెళ్ళింది. ఇసామి రెండు చేతులూ ముందే చాపాడు. కయోకో డబ్బా తెరిచి పీతను ఆయన చేతుల్లో పెట్టింది. వేడి ఇంకా పోలేదు. ఆయన డిప్ప తడిమాడు, కాళ్ళు లెక్కపెట్టాడు, తలాడించాడు. బొటనవేలు బిళ్ళ దగ్గరికి పాకింది. ఒక అక్షరం మీంచి ఇంకో అక్షరం మీదికి వెళ్ళింది. ఆగింది.

"రియోజిది."

"అవునండి."

"నాది కట్టలేదు."

"కట్టలేకపోయాను."

ఆయన పీతను దుప్పటి మీద వదిలేశాడు. "రాతిగుండె నీది" అన్నాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

కట్టి ఉంటే ఏం పోయేది? నిజం చెప్పి తను మూటగట్టుకున్నదేమిటి, ఒక ముసలివాడి ఆఖరి కోరిక కాలదన్నడం తప్ప? లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ చేతులు ఊరుకోవు కదా. కత్తెర తీసి కాళ్ళు చీల్చడం మొదలుపెట్టింది. తెల్లటి కండ పోగులు పోగులుగా తీసి గిన్నెలో పెడుతూ పోయింది. కిటికీ అవతల మంచు ఆగకుండా పడుతోంది.

గిన్నె సగం నిండాక ఇసామి గోడవైపు నుంచే అడిగాడు. "ఎక్కడేశాడు వల?"

"మీ గట్టు మీదేనట."

"దొంగ వెధవ. చూపించింది నేనే." భుజాలు కదిలాయి. నవ్వాడని కాసేపటికి గానీ ఆమెకి తెలియలేదు. ఇటు తిరిగాడు. "నువ్వు నాది కట్టి తెచ్చినా బాగుండేదే."

"తెలుసండి."

"తిట్టేవాణ్ణి కూడా."

"అదీ తెలుసు."

ఆయన నోరు తెరిచాడు. ఒక కాలి కండ పెట్టింది. నమలకుండా నాలుక మీదే ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా మింగాడు. "చలికాలం పీత" అన్నాడు, రుచి చూసి పేరు చెప్పినట్టుగా. రెండోది వద్దన్నాడు. "మిగతాది తర్వాత తింటాను. అక్కడ పెట్టు, కయోకో" అని కళ్ళు మూశాడు.

ఆమె డిప్ప, పీచు, పెంకులు కాగితంలో చుట్టి బయట పారేసి, చేతులు కడుక్కుని వచ్చింది. ఆయన అలాగే పడుకుని ఉన్నాడు. కానీ దుప్పటి కదలడం లేదు. దగ్గరికెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఒకి వచ్చింది, డాక్టరు వచ్చాడు, టైము చూసుకున్నాడు, తల వంచి నమస్కరించి వెళ్ళాడు. అంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఈ ఊళ్ళో ఇక తనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆ సంగతి తట్టేసరికి కయోకో కుర్చీలో కూలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఏడుపయ్యాక కోటు జేబులోకి మార్చుకున్న బిళ్ళ తీసింది. ఆయన ఎడమచేతికి ఆసుపత్రివాళ్ళు వేసిన ప్లాస్టిక్ పట్టీ ఉంది, దాని మీద ఏవో అంకెలు. బిళ్ళ తోకను ఆ పట్టీలోంచి దూర్చి, కన్నంలోకి తెచ్చి, ఈసారి వేళ్ళు వెనకాడకుండా లాగి బిగించింది.

"అదేంటమ్మా?" అంది ఒకి.

"ఎక్కణ్ణుంచి వచ్చారో రాసుంది."

ఒకి వంగి చదివింది. దుప్పటి పైకి లాగి, ఆ చెయ్యి మాత్రం బయటికి ఉంచింది.

సాయంత్రం బస్సుకి వేళయిందని కయోకో లేచింది. ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మంచం పక్కన చిన్న బల్ల మీద, తర్వాత తింటానన్న పీత కండ గిన్నె మూత పెట్టి ఉంది. మూతకి లోపలివైపు పట్టిన ఆవిరి బొట్లు ఇంకా ఆరలేదు.