వీధి వైపు తిరిగిన చక్రం

నేను ఒక సైకిల్‌ని. ముసలిదాన్ని. బెల్లు తప్ప అన్నీ మోగుతాయని పీతలదిబ్బలో నామీద ఒక వేళాకోళం ఉంది. ఉండనివ్వండి. నాకు నోరే ఉంటే రెండేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున్న ఊరంతా దద్దరిల్లేలా అరిచి ఉండేదాన్ని. అరవలేకపోయాను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

నన్ను బిగించింది ఎక్కడో పంజాబులో. గోధుమరొట్టెలు తినేవాళ్ల చేతుల్లో పుట్టి, చేపలు తినేవాళ్ల మధ్యకి వచ్చిపడ్డాను. పీతలదిబ్బ అంటే గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న లంక. ముప్పై ఇళ్లు, తొమ్మిది సైకిళ్లు. ఊరి నుంచి రేవుకి నాలుగు కిలోమీటర్లు, రేవులో పంటు ఎక్కి ఏరు దాటితేగానీ బయటి ప్రపంచం లేదు. నన్ను ఇక్కడికి తెచ్చిన బడి మాస్టారు బదిలీ కాగితం అందిన రోజే పంటు ఎక్కారు. మళ్లీ ఈ వైపు చూస్తే ఒట్టు. పోతూపోతూ నన్ను అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే లోవకుమారికి ఇచ్చేసి పోయారు.

అప్పటికి ఆవిడకి ముప్పై రెండేళ్లు. నాదేమో అడ్డకడ్డీ ఉన్న మగ సైకిల్ వాటం. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నెల రోజులు నాతోపాటు మొగలిపొదల్లో పడుతూ నేర్చుకుంది. పడ్డ ప్రతిసారీ ముందు నన్ను లేపి, ఆ తర్వాతే తన మోచెయ్యి చూసుకునేది. ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లు ఆగుతుందో తెలిసిన మనిషి కాబట్టి సాయంత్రం కాగానే కొబ్బరినూనె గుడ్డతో నా గొలుసు తుడిచేది. అంత చేసిన మనిషికి నేను ద్రోహం చేశాను. నాచేత చేయించారు అనండి, అదే నిజం.

తొమ్మిది సైకిళ్లతో ముప్పై ఇళ్లు ఎలా గడుస్తాయంటారా? ఇక్కడ తాళాలు వెయ్యరు, బండి కావాలని అడగరు. గుమ్మం ముందు సైకిల్ ముందు చక్రం వీధి వైపు ఉంటే ఎవరికి పనుంటే వాళ్లు తీసుకుపోతారు. గోడ వైపు తిప్పి ఉంటే ఇంటివాళ్లకి దానితో పనుందని అర్థం. ఎంత తొందరలో ఉన్నా ఎవరూ చెయ్యి వెయ్యరు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదుగానీ, అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి గనకనే ఎవరూ ఎవరికీ చెప్పరు. కొంప మునిగింది అక్కడే.

హైదరాబాదు నుంచి శశాంక్ అనే ఉద్యోగస్తుడు నాలుగు రోజుల సెలవు మీద వచ్చాడు. లంకంతా సైకిల్ మీదే చూడాలని ఆయన సరదా. లోవకుమారిని అడిగాడు. మనూళ్లో అడిగేవాళ్లే లేరు కాబట్టి ఆవిడకి ముచ్చటేసింది.

“తీసుకెళ్లండి బాబూ. సోమారం మటుకు నాకు ఆకరి పరీచ్చండి. ఏడింటి పంటు తప్పిపోతే ఇంక పరీచ్చ లేనట్టే. ఆరింటికల్లా బండి మా గుమ్మంలో ఉంచెయ్యండి.”

“తప్పకుండా అక్కా” అన్నాడు.

ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. ఎనిమిదేళ్లుగా ఆవిడ పిల్లల ముక్కులు తుడుస్తూ, గుడ్లు ఉడకబెడుతూ ఉంది. అంగన్‌వాడీ టీచరు జూన్‌లో రిటైరవుతోంది. పదో తరగతి పాసైతే ఆ పోస్టు లోవకుమారికే. పొయ్యి దగ్గర పుస్తకం పెట్టుకుని ఓపెన్ టెన్త్ చదివింది. అన్ని పరీక్షలూ రాసింది. మిగిలింది సాంఘికం ఒక్కటే.

ఇక శశాంక్ గారి విహారం. మడ అడవిలో బురదలోకి తొక్కాడు, దిబ్బల మీద ఇసుకలోకి తొక్కాడు, సైకిల్ పోని చోటికల్లా నన్ను తీసుకుపోయాడు. పోనీ సరదా అనుకున్నాను. మూడో రోజు నన్ను సముద్రంలో మోకాలి లోతున నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఉప్పునీళ్లలో ఇనుముని నిలబెట్టడం ఏం అందమో ఆ చదువుకున్నవాళ్లకే తెలియాలి. పైగా “ఇక్కడ లైఫ్ ఎంత సింపులో చూడండి ఫ్రెండ్స్” అని ఫోనుకి చెబుతున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వెనకాల ఇద్దరు ఆడవాళ్లు మైలు దూరం నుంచి మంచినీళ్ల బిందెలు మోసుకొస్తున్నారు. ఫోటోలో వాళ్లు కూడా చాలా అందంగా పడ్డారట.

చెడ్డవాడైతే నా కోపానికి ఒక దారి దొరికేది. చెడ్డవాడు కాదు, అదే నా కడుపుమంట. సోమవారం ఆరు కొట్టకముందే నన్ను గుమ్మంలోకి తెచ్చాడు. గోడ వైపే ఆనించాడు కూడా. ఒక్క క్షణం చూసి, పట్నంలో కారుని వెనక్కి నడిపి పెట్టుకునే అలవాటు గుర్తొచ్చిందో ఏమో, నన్ను ఎత్తి వీధి వైపు తిప్పాడు. “అక్క ఎక్కి తొక్కెయ్యడమే” అని గొణుక్కుని, సంచీ తగిలించుకుని, ఈల వేసుకుంటూ రేవుకి నడిచిపోయాడు. లోపల లోవకుమారి గంజి వారుస్తూ రాజవంశాల పేర్లు వల్లిస్తోంది.

పావుగంటకి పోలయ్య వచ్చాడు. పీతలు పట్టే ముసలాయన, ఎవరి పుల్లా ముట్టని మనిషి. ఆయన ఆగాడు, అది కూడా చెప్పాలి.

“ఇయ్యాల పరీచ్చన్నారే” అనుకున్నాడు పైకే. నా చక్రం చూశాడు. “ఈధి ఏపే ఉందిగా మరి. ఎవరో దిగబెడతన్నారు కావోసు.”

చెవులతో విన్నదానికంటే చక్రం చెప్పిందే నమ్మి, నన్ను రేవుకి ఎదురుదిక్కున, పీతల బోదె కాలువ వైపు తొక్కుకుపోయాడు. నేను పలికినన్ని చోట్లా కిర్రుమన్నాను. నూనె వెయ్యాలి దీనికి అన్నాడు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. ఆ సాయంత్రం లోవకుమారి గోడకి చేరగిలబడి చెప్పుకుంటుంటే విన్నాను. ఆ రోజు అవతల సంత. మిగతా ఎనిమిది సైకిళ్లూ అప్పటికే రేవుకి చేరిపోయాయి. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగు కిలోమీటర్లూ పరుగెత్తింది. చేరేసరికి పంటు ఏట్లో ఉంది. హాల్ టికెట్ పైకెత్తి ఊపుతూ కేకలు పెట్టింది. ఆటు మొదలై నీళ్లు తీస్తున్నాయి, వెనక్కి తిప్పితే ఒండులో కూరుకుపోతుందని పంటు నడిపే సరంగు చేతులెత్తేశాడు. మళ్లీ పోటు వచ్చేసరికి పదకొండు. పరీక్ష తొమ్మిదికి.

పంటు మీద శశాంక్ ఉన్నాడు. ఆవిణ్ణి చూసి చెయ్యి ఊపాడు. వీడియో తీశాడు.

పది రోజులకి ఆ వీడియో టీచరు ఫోనులోకి వచ్చింది. ‘నన్ను సాగనంపడానికి నాలుగు కిలోమీటర్లు పరుగెత్తుకొచ్చిన అక్క’ అని కింద రాశాడట. వేలమంది కళ్లు చెమర్చాయని రాశారట. లోవకుమారి రెండుసార్లు చూసింది.

“కాయితం ఊపానే” అంది. “అదేటనుకున్నాడో.”

జూన్‌లో ఆ పోస్టు అవతలి ఒడ్డు ఆవిడకి పోయింది. లోవకుమారి ఆయాగానే ఉంది. ఊళ్లో పంచాయితీ పెట్టి చూస్తే తప్పు ఎవరిదీ కాదని తేలింది. అందరూ మంచివాళ్లే. మంచివాళ్లందరూ కలిసి ఒక మనిషి పరీక్షని ఏట్లో కలిపారు, నేరం మోపడానికి ఒక్క దొంగైనా దొరకలేదు.

అక్టోబరులో ఆ పరీక్ష మళ్లీ వచ్చింది. వారం ముందు లోవకుమారి సంతలో ఒక గొలుసూ తాళమూ కొనుక్కొచ్చి నా చక్రానికి వేసింది. పీతలదిబ్బలో సైకిల్‌కి తాళం పడడం అదే మొదలు. మర్నాడు పోలయ్య అలవాటుగా నా హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. తాళం చూశాడు. చెయ్యి తీసి పంచెకి తుడుచుకుని నడిచిపోయాడు. ఆ తాళం నీకోసం కాదయ్యా అని చెప్పడానికి నాకు నోరు లేదు, లోవకుమారేమో ఇంట్లో లేదు.

ఆవిడ పరీక్ష రాసింది, పాసైంది. ఇప్పుడు ఇంకో పోస్టు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తోంది. పాసైన రోజే తాళం తీసి సంతలో ఇచ్చేసింది. నన్ను వీధి వైపు తిప్పి పెట్టింది. నెల గడిచినా ఎవరూ తీసుకుపోలేదు.

ఒక పొద్దున్న పోలయ్య వచ్చి, నన్ను దాటుకుని వెళ్లి తలుపు కొట్టాడు. ఆవిడ అన్నం చేత్తోనే బయటికి వచ్చింది.

“అమ్మాయ్, బండి కావాలి. తీసుకెళ్లొచ్చా?”

ఆవిడ తెల్లబోయింది. “చక్రం ఈధి ఏపే ఉంది కదా మావా.”

“ఉందనుకో” అన్నాడు పోలయ్య, ఆవిడ మొహం చూడకుండా. “అయినా అడగాలి కదమ్మా.”