అల్లుడి మూత

నా రాతలో తప్పులుంటే మన్నించండి. వయసు మళ్ళాక నేర్చుకున్న అక్షరాలు. ఒత్తుల దగ్గర చెయ్యి ఆగిపోతుంది, ఒక్కోసారి పక్కదాని ఒత్తు దీని కిందికి వచ్చేస్తుంది. నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

మాది పరుపుల మిల్లు. అంటే మేం పని చేసింది. మా ఆయన దూది ఏకే యంత్రం దగ్గర ఉండేవాడు, నేను వెనక గదిలో పరుపులు కుట్టేదాన్ని. ఆ యంత్రంలో ఇనుప పళ్ళున్న రోలరు ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఉండలు కట్టిన పాత దూది దాని నోటికి అందిస్తే అవతల పొగలా విడివడి పడుతుంది. ఆ రోలరు మీద ఇనుప మూత ఒకటి ఉండాలి. మూత ఉంది, కాని అది గోడకి వేలాడేది. పెడితే దూది అడ్డం పడిన ప్రతిసారీ యంత్రం ఆపాలి, మూత తియ్యాలి, కెలకాలి. పని సాగదు.

ఎప్పుడో ఒకసారి సర్కారు ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ముందురోజే కబురు అందేది. మేస్త్రీ కేకేసేవాడు, "అల్లుడొస్తున్నాడర్రా, మూత దించండి!" మూత తుడిచి బిగించేవాళ్ళం. టీ, బిస్కెట్లు, ఆఫీసు గదిలోని మంచి కుర్చీ. ఆయన చూసి, తలూపి వెళ్ళేవాడు. గేటు దాటగానే మూత మళ్ళీ గోడెక్కేది. దాని పేరే అల్లుడి మూత అయిపోయింది.

మా తమ్ముడు కూడా ఆ మిల్లులోనే మూటలు మోసేవాడు. "బావా, ఇంత చిన్న మూతకి ఇంత హడావిడా?" అనేవాడు.

"ఒరే బామ్మర్దీ, అది మనకి కాదురా. ఆయన చూసుకుని సంతోషించడానికి," అనేవాడు మా ఆయన. అందరం నవ్వేవాళ్ళం. ఆ మూత ఇన్‌స్పెక్టరు కోసమని మేం నిజంగానే అనుకున్నాం.

ఒక వానాకాలం దూది చెమ్మగా ఉంది. ఉండ ఒకటి పళ్ళకి అడ్డం పడితే మా ఆయన చేత్తో తోశాడు. ముందు చొక్కా చెయ్యి వెళ్ళింది, దాని వెంట ఆయన చెయ్యి. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఎవరో యంత్రం ఆపేశారు. అవతల పడిన దూది ఎర్రగా ఉంది. ఆస్పత్రికి వెళ్ళే దారిలోనే పోయాడు.

దినాలు కాకముందే ఆ యంత్రం దగ్గర తమ్ముణ్ణి నిలబెట్టారు. ఇన్‌స్పెక్టరు విచారణకి వస్తాడన్న ముందురోజు మేస్త్రీ, తమ్ముడు కలిసి నా గదికి వచ్చారు.

"చెల్లెమ్మా, మూత ఉందని చెప్పు," అన్నాడు మేస్త్రీ. "మీ ఆయనే తీశాడని చెప్పు. పోయినవాడు ఒక మాట పడితే ఏమైపోతుంది?"

నేను తమ్ముడి వైపు తిరిగాను. "నువ్వేమంటావురా?"

"నిజం చెప్తే మిల్లు మూసేస్తారక్కా. పిల్లల్ని పెట్టుకుని నేనెక్కడికి పోను?"

"ఇప్పుడు మూత ఎక్కడుంది?"

"ఇవాళైతే యంత్రం మీదే ఉంది."

"ఎల్లుండి?"

తమ్ముడు తల దించుకున్నాడు. "బావది తొందరక్కా. నేను జాగ్రత్తగా ఉంటాగా."

"మీ బావకి ముందు ఆ యంత్రం దగ్గర చేసి, వేళ్ళు పోగొట్టుకున్నాడే, వాడి గురించి మీ బావా ఇదే మాట అనేవాడు," అన్నాను.

మర్నాడు మూత తళతళలాడుతోంది. ఓనరు పక్కనే నిలబడ్డాడు. "ఆ రోజు ఈ మూత ఉందా అమ్మా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు. తమ్ముడు నన్నే చూస్తున్నాడు.

"లేదు. మీరొచ్చిన రోజు తప్ప ఎప్పుడూ లేదు. దీన్ని అల్లుడి మూత అంటాం. ఆ అల్లుడు మీరే."

ఎవరూ నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. "కబురు నేను పెట్టలేదమ్మా," అన్నాడు.

"ఎవరు పెడితేనేం, అందింది కదా. చెప్పి వచ్చేవాడికి మర్యాదలే కనబడతాయి బాబూ, మనుషులు కనబడరు."

మిల్లుకి సీలు వేశారు. వానలు వెలిసేదాకా తియ్యలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నా బిందెకి జాగా ఇవ్వలేదు. తమ్ముడు గుమ్మంలో నిలబడి, "మొగుడు పోయాడని మమ్మల్నందర్నీ చంపుతావా?" అని అరిచి వెళ్ళిపోయాడు. వాడు నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

తెరిచాక కొత్త మూత వచ్చింది. అది ఎత్తితే చాలు, కరెంటు పోయి రోలరు ఆగుతుంది. పని నెమ్మదించిందని ఓనరు రెండో యంత్రం కొన్నాడు. అంతే. ఒక తీగ, ఒక స్విచ్చి. మూత లేకుండా యంత్రం తిప్పకూడదన్న చట్టం మా ఆయన పుట్టకముందే ఉందట. మనిషి పోతేగాని దానికి మా మిల్లు దారి తెలియలేదు. చట్టమంటే మా మీద పెత్తనం అనుకున్నాం. మేం తొందరపడతామని, మమ్మల్ని తొందరపెట్టేవాడు ఉంటాడని ఎరిగినవాళ్ళు రాసిపెట్టిన మాట అది. ఎవరూ మాకు చదివి వినిపించలేదు, మాకు చదువూ లేదు.

తమ్ముడు ఆ యంత్రం దగ్గరే ముసలివాడయ్యాడు. కూతురి పెళ్ళికి నన్ను పిలవలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు, వడ్డనంతా తనే చేశాడట, ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో గరిటె.

రాసింది సూదక్క. మిల్లులో అందరూ అలాగే పిలిచేవారు. వయసు అరవై ఏడు. ఇప్పుడు ఇస్త్రీ షాపు మీద ఒంటి గదిలో, కూతురి దగ్గర ఉంటున్నాను.